ఓటులేని చావులు

దుబాయ్‌లో ఒక గోదాము నిండా బిస్కెట్లు ఉండేవి. భూకంపం వచ్చిన ఊళ్లలో, యుద్ధం నడుస్తున్న ఊళ్లలో, పొయ్యి వెలిగించే వీలు లేనిచోట పిల్లల చేతికి నేరుగా ఇవ్వడానికి పోషకాలు దట్టించి చేయించిన బిస్కెట్లు. అమెరికా ప్రజల పన్ను సొమ్ముతో కొన్నవి. అఫ్ఘానిస్థాన్, పాకిస్థాన్ పిల్లలకు చేరాల్సినవి. పంపించండి మహాప్రభో అని కింది ఉద్యోగులు పైవాళ్లకు నెలల తరబడి రాస్తూనే ఉన్నారు. సంతకం పెట్టే నాథుడు లేడు. కొంత సరుకును చివరి ఘడియలో వేరే దేశాలకు మళ్లించగలిగారు. మిగిలిన 500 టన్నులకు 2025 జులైలో గడువు తీరింది. కాల్చి బూడిద చేయడమే దారి అన్నారు. కొనడానికి పెట్టిన 8 లక్షల డాలర్లు ఎటూ పోయాయి, కాల్చడానికి ఇంకో లక్షా 30 వేల డాలర్లు. దుబారా అరికట్టడానికే విదేశీ సాయం ఆపామని చెప్పిన ప్రభుత్వం నిర్వాకం ఇది.

ఈ వార్త బయటికి వచ్చాక అమెరికాలో ఏం జరిగిందో తెలుసా? రెండు రోజులు పత్రికల్లో వచ్చింది. సెనెట్ విచారణలో ఒకరు గట్టిగా అడిగారు, ఎదురుగా కూర్చున్న అధికారి దగ్గర సరైన సమాధానం లేకపోయింది. ఆ తర్వాత దేశం దేశమంతా ఎప్‌స్టీన్ ఫైళ్ల గొడవలో మునిగిపోయింది. అంతే.

అమెరికా నిలువునా చీలిపోయిందని పదేళ్లుగా వింటున్నాం. వలసల మీద, తుపాకుల మీద, గర్భస్రావం మీద, బళ్లో ఏ పుస్తకం ఉండాలన్నదాని మీద కూడా. పండగ పూట ఒక బల్ల దగ్గర కూర్చున్న అన్నదమ్ములు మొహాలు చూసుకోని పరిస్థితి. అన్నీ నిజమే. కానీ ఒక్క విషయంలో మాత్రం ఆ రెండు పక్షాలకూ పేచీ లేదు. దూరదేశంలో ఎవడో పేదవాడు చస్తే కళ్లు తిప్పుకోవడంలో ఇద్దరూ ఇద్దరే. ఒక పక్షం తానే చేసి కళ్లు తిప్పుకుంది. రెండోది ఓట్ల లెక్క చూసుకుని తిప్పుకుంది.

జరిగిన వరస చెబుతాను. 2025 జనవరి 20న, ప్రమాణస్వీకారం చేసిన రోజునే, విదేశీ సాయాన్ని 90 రోజులు నిలిపివేస్తూ ట్రంప్ ఉత్తర్వు మీద సంతకం పెట్టారు. నాలుగు రోజులకు విదేశాంగ శాఖ నుంచి తాఖీదు వెళ్లింది: ఎక్కడి పని అక్కడ ఆపండి. రోడ్డు పనో వంతెన పనో అయితే ఆపవచ్చు. సగంలో ఉన్న వైద్యాన్ని ఎక్కడ ఆపుతారు? థాయ్‌లాండ్ సరిహద్దులో బర్మా శరణార్థుల శిబిరాల్లోని ఆస్పత్రులకు తాళాలు పడ్డాయి. అక్కడ ఆక్సిజన్ మీద ఊపిరి నిలుపుకుంటున్న డెబ్బై దాటిన ముసలావిడను ఇంటికి పంపేశారు. నాలుగు రోజులకు పోయింది. దక్షిణాఫ్రికాలో హెచ్ఐవీ సోకకుండా చూసే కొత్త పరికరాన్ని ఒంట్లో పెట్టించుకుని ప్రయోగానికి ముందుకొచ్చిన ఆడవాళ్లున్నారు. ప్రయోగం ఆగింది, పరికరం ఒంట్లో ఉండిపోయింది, చూడాల్సిన వైద్య సిబ్బందికి పని చేయవద్దని ఆదేశం. సూడాన్‌లో యుద్ధం మధ్య పేటకుర్రాళ్లు చందాలతో, ఈ సాయంతో నడుపుతున్న సామూహిక వంటశాలలు వెయ్యికి పైగా మూతపడ్డాయి. ఆ గంజే దిక్కయినవాళ్లు లక్షల్లో ఉన్నారు.

ప్రాణాలు కాపాడే పనులకు మినహాయింపు ఇచ్చామని ఆ వెంటనే ఒక ప్రకటన వచ్చింది. మినహాయింపు కాగితం మీద ఉంది. డబ్బు చెల్లించే కంప్యూటర్ వ్యవస్థ మాత్రం పనిచేయడం లేదు. దాన్ని నడిపేవాళ్లను బలవంతపు సెలవు మీద ఇంటికి పంపారు. అడిగినవాళ్లకు మినహాయింపు చూపించవచ్చు, ఇవ్వాల్సిన అవసరం లేదు. మన తాలూకా ఆఫీసుల్లో తిరిగినవాళ్లకు ఈ విద్య కొత్తగా చెప్పనక్కర్లేదు.

ఆ వారాంతమే, ట్రంప్ ప్రభుత్వంలో ఖర్చుల కోత బృందాన్ని నడిపిన ఎలాన్ మస్క్ తన ఎక్స్ ఖాతాలో గొప్పగా చెప్పుకున్నారు. పార్టీలకు వెళ్లే బదులు శని ఆదివారాలు యూఎస్ఎయిడ్‌ను చెట్టుకొమ్మలు తురిమే యంత్రంలోకి తోస్తూ గడిపామని. 1961లో కెన్నెడీ పెట్టిన విదేశీ సాయం సంస్థ అది. పది వేలకు పైగా ఉద్యోగులు. ఫిబ్రవరి ఆఖరున, సామాన్లు తీసుకెళ్లడానికి మనిషికి 15 నిమిషాలు ఇచ్చారు. ఏళ్ల తరబడి కరువు చోట్ల, ఎబోలా చోట్ల పని చేసి వచ్చినవాళ్లు అట్టపెట్టెలు పట్టుకుని వాషింగ్టన్ వీధిలోకి నడిచారు. మార్చి 10న విదేశాంగ మంత్రి మార్కో రూబియో లెక్క చెప్పారు: 83 శాతం కార్యక్రమాలు రద్దు, 5,200 కాంట్రాక్టులు రద్దు. జులై 1కి సంస్థే లేదు.

ఇక్కడ ఒక చిన్న వస్తువు సంగతి చెప్పాలి. అరచేతిలో పట్టే రేకు పొట్లం. 92 గ్రాములు. లోపల వేరుశనగ ముద్ద, పాలపొడి, నూనె, చక్కెర, విటమిన్లు. మన పల్లీపట్టీని మెత్తగా నూరి జిగురుగా చేస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. 500 కేలరీలు. వండక్కర్లేదు, నీళ్లు కలపక్కర్లేదు. కలుషితమైన నీళ్లు తప్ప దొరకనిచోట ఆ ఒక్క గుణమే ప్రాణం నిలుపుతుంది. తల్లి మూల చింపి బిడ్డ నోట్లోకి పిండుతుంది. తీవ్రమైన పోషకాహార లోపంతో తొడల మీద చర్మం వేలాడుతూ, ఏడవడానికి కూడా సత్తువ లేక, ఈగ వాలితే తోలుకోలేని బిడ్డ అది. రోజుకు రెండు మూడు పొట్లాల చొప్పున ఆరు నుంచి ఎనిమిది వారాలు పెడితే చాలావరకు కోలుకుంటుంది. ఒక అట్టపెట్టెలో 150 పొట్లాలు. ఒక పెట్టె, ఒక బిడ్డ. లెక్క అంత తేలిక.

ఇవి తయారయ్యే పెద్ద ఫ్యాక్టరీలు అమెరికాలో రెండున్నాయి. ఒకటి రోడ్ ఐలండ్‌లో, ఇంకొకటి జార్జియా దక్షిణాన ఫిట్జెరాల్డ్ అనే చిన్న ఊళ్లో. దక్షిణ జార్జియా అంటే వేరుశనగ భూమి, రిపబ్లికన్ల కంచుకోట. అక్కడి రైతు కాయ పండిస్తాడు, ఫ్యాక్టరీ కొంటుంది, ప్రభుత్వం కొని ఓడ ఎక్కిస్తుంది. అనంతపురం రైతుకు అర్థం కాని విషయమేం కాదు, కాయకు కొనేవాడు దొరకడమే గగనం కదా. అంటే ఈ సాయంలో వాళ్ల రైతుకూ వాటా ఉంది. అయినా ఆపారు. కాంట్రాక్టు రద్దు చేశారు, మళ్లీ రద్దును రద్దు చేశారు, మళ్లీ డబ్బు ఆగింది. పెట్టెలు గోదాముల్లో పేరుకున్నాయి. ఆగస్టు వచ్చాక 9.3 కోట్ల డాలర్లు ఇస్తున్నామని ప్రకటించారు. మంచిదే, కాదనను. కానీ ఫిబ్రవరిలో తొడ చర్మం వేలాడుతున్న బిడ్డ ఆగస్టు దాకా ఆగుతుందా?

ఆ జార్జియా వేరుశనగ చేలలోంచే జిమ్మీ కార్టర్ వచ్చారు. 2024 డిసెంబరు 29న నూరేళ్లు నిండి పోయారు. జనవరి 9న అంత్యక్రియల ప్రార్థనకు, బతికున్న ఐదుగురు అధ్యక్షులూ వచ్చి వరసలో కూర్చున్నారు, ట్రంప్ సహా. పదవి దిగాక కార్టర్ పట్టుబట్టి చేసిన పనుల్లో ఒకటి మన పల్లెల్లో నారికురుపు అని పిలిచే జబ్బును ప్రపంచం నుంచి తుడిచిపెట్టడం. 1986లో 35 లక్షల మందికి ఉన్నది ఆయన పోయేనాటికి పదుల్లోకి దిగింది. చర్చిలో ఆ సేవను పొగిడారు, తలలు వంచారు. పదకొండు రోజులకు ఆ ఉత్తర్వు వచ్చింది.

ఫిబ్రవరి 10న యూఎస్ఎయిడ్ తనిఖీ అధికారి పాల్ మార్టిన్ ఒక నివేదిక ఇచ్చారు. రేవుల్లో, ఓడల్లో, గోదాముల్లో 48.9 కోట్ల డాలర్ల విలువైన తిండిగింజలు, సరుకులు ఇరుక్కుపోయాయి, పాడైపోయే ప్రమాదం ఉంది అని. దుబారాను పట్టుకోవడమే ఆయన ఉద్యోగం. దుబారాను పట్టుకున్నారు. మర్నాడు ఆయన్ని తీసేశారు.

అప్పుడు అమెరికా దేనిమీద చర్చించుకుందో చూడండి. గాజాకు 5 కోట్ల డాలర్ల కండోమ్‌లు పంపుతున్నారట! వైట్‌హౌస్ వేదిక మీద నుంచి చెప్పారు. ఆధారం చూపమంటే లేదు. మనం చెప్పేవాటిలో కొన్ని తప్పులుంటాయి, దిద్దుకుంటాం అని మస్క్ తేల్చేశారు. ఎబోలా నివారణను పొరపాటున కాసేపు రద్దు చేశామని మంత్రివర్గ సమావేశంలో ఆయనే చెబితే చుట్టూ నవ్వులు. టీవీల్లో ఒక ఛానల్ ఇది నిజమంది, ఇంకోటి అబద్ధమంది, వారం గడిచింది. ఆ వారంలో ఎవరికి మందు అందలేదో ఏ ఛానల్‌కూ పట్టలేదు. వీళ్ల గొడవ వీళ్లకు చెలగాటం. అక్కడ ప్రాణసంకటం.

ఇక సిద్ధాంత చర్చ కూడా ఒకటి నడిచింది. ముందు నీ కుటుంబాన్ని ప్రేమించు, తర్వాత పొరుగువాణ్ని, తర్వాత నీ ఊరిని, నీ దేశస్థుల్ని, ఆ తర్వాతే మిగతా ప్రపంచాన్ని అని ఉపాధ్యక్షుడు జె.డి. వాన్స్ జనవరి ఆఖరున చెప్పారు, పాత క్రైస్తవ సిద్ధాంతాన్ని తోడు తెచ్చుకుని. వలసల మీద మాట్లాడుతూ అన్న మాట అది, సాయానికీ అతికింది. ఫిబ్రవరి 10న పోప్ ఫ్రాన్సిస్ అమెరికా బిషప్‌లకు లేఖ రాసి ఆ వాదాన్ని తిప్పికొట్టారు. ప్రేమ అలా వృత్తాలు గీసుకుంటూ పోయేది కాదు, దారిలో దెబ్బలు తిని పడి ఉన్న పరాయివాణ్ని ఎత్తుకున్న సమరయుడి కథ చదువుకోండి అన్నది దాని సారం. ప్రపంచమంతా వ్యాపించిన ఉదాసీనత గురించి 2013లో లాంపెదూసా దీవిలో మాట్లాడి, సముద్రంలో మునిగిపోయిన వలసజీవుల కోసం కన్నీళ్లు పెట్టమని అడిగిన మనిషి ఆయన. ఈస్టర్ రోజున వాన్స్ వెళ్లి ఆయన్ని కలిశారు. మర్నాడు పోప్ కన్నుమూశారు. వాదన అక్కడితో ముగిసింది. ఎవరు గెలిచారో కరువు శిబిరాల వాళ్లకు తెలియదు.

వాన్స్ మాటకు మన దగ్గర పాత సామెతే ఉంది: తన్ను మాలిన ధర్మం, మొదలు చెడ్డ బేరం. ఆ సామెతను నేను తోసిపుచ్చను. ఇల్లు గడవనివాడు దానం చేస్తే అది దానం కాదు, తెలివితక్కువతనం. అయితే తన్ను మాలిందా అన్నదే ప్రశ్న. అమెరికా కేంద్ర బడ్జెట్‌లో విదేశీ సాయం మొత్తం కలిపితే ఒక శాతం అటూఇటూ. అమెరికన్లను అడిగితే సగటున నాలుగో వంతు ఉంటుందని చెబుతారు, ఏళ్ల తరబడి ఏ సర్వే చేసినా ఇదే తంతు. ఆ అపోహను పోగొట్టే పని ఏ పార్టీ నెత్తినేసుకోలేదు. జులైలో కాంగ్రెస్ 800 కోట్ల డాలర్ల విదేశీ సాయాన్ని వెనక్కి తీసుకుంది. అదే నెలలో, అదే కాంగ్రెస్ ఆమోదించిన పన్నుల చట్టం వల్ల పదేళ్లలో లోటు 3.4 లక్షల కోట్ల డాలర్లు పెరుగుతుందని వాళ్ల సొంత బడ్జెట్ కార్యాలయమే లెక్కగట్టింది. అక్టోబరులో అర్జెంటీనా కరెన్సీని నిలబెట్టడానికి 2,000 కోట్ల డాలర్ల ఏర్పాటు చేశారు. అది దానం కాదు, మారకపు ఒప్పందం, ఆ తేడా నాకు తెలుసు. కానీ డబ్బు లేదని మాత్రం దయచేసి చెప్పకండి.

రూబియో సంగతి వేరే చెప్పుకోవాలి. సెనెటర్‌గా ఉన్నప్పుడు ఈ సాయాన్ని సమర్థించిన రిపబ్లికన్లలో ముందు నిలిచినవాడాయన. విదేశీ సాయం దయాధర్మం కాదు, బడ్జెట్‌లో ఒక శాతం కూడా ఉండదు, దేశ భద్రతకు అవసరం అని 2017లో రాసింది ఆయనే. నాకు తెలియక చేశాను అనే అవకాశం మస్క్‌కు ఉంది, రూబియోకు లేదు. 2025 మేలో కాంగ్రెస్ విచారణలో ఆయనే, తన హయాంలో పిల్లలెవరూ చనిపోవడం లేదని చెప్పారు.

చనిపోయారని రుజువేదీ అంటారు. రుజువు ఎక్కడినుంచి వస్తుంది? పేద దేశాల్లో పుట్టుకలు, చావులు, పిల్లల బరువులు, తల్లుల ఆరోగ్యం ఇంటింటికీ తిరిగి లెక్కగట్టే సర్వే ఒకటి 1984 నుంచి అమెరికా సొమ్ముతో నడిచేది. మన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే కూడా 1992-93లో ఆ వరసలోనే, ఆ సాయంతోనే మొదలైంది. ఆ సర్వే కార్యక్రమాన్ని ఫిబ్రవరిలో ఆపేశారు. ఇథియోపియా కరువు తర్వాత, ముందుగా హెచ్చరించే వ్యవస్థ ఉండాలని 1985లో పెట్టుకున్న కరువు హెచ్చరికల కేంద్రం జనవరిలోనే మూగబోయింది, నెలలు గడిచాక గానీ మళ్లీ నోరు విప్పలేదు. లెక్కపెట్టేవాళ్లను ఇంటికి పంపి, లెక్క చూపించండి అని అడుగుతున్నారు. ఇంతకన్నా నిర్లజ్జ ఏముంటుంది?

అంచనాలున్నాయి. సాయం ఇలాగే ఆగిపోతే 2030 నాటికి 1.4 కోట్ల మంది అదనంగా చనిపోతారని, వాళ్లలో ఐదేళ్లలోపు పిల్లలు 45 లక్షలని లాన్సెట్ పత్రికలో వచ్చిన అధ్యయనం చెప్పింది. అంచనా అంచనాయే, ఇతర దేశాలు పూనుకుంటే తగ్గవచ్చు. సగం చేయండి. పదో వంతు చేయండి. అయినా ఆ సంఖ్యను పట్టుకుని నిద్రపట్టని రాజకీయ నాయకుణ్ని ఒక్కణ్ని చూపించండి.

డెమోక్రాట్లు చూపిస్తారా? ఫిబ్రవరి మొదటి వారంలో కొందరు ఆ సంస్థ గుమ్మం ముందు నిలబడి ప్రసంగాలు చేశారు. అదే వారంలో వాళ్ల పార్టీ పెద్ద తలకాయలు, ఎన్నికల వ్యూహకర్తలు, మనసు సాయం వైపే ఉంది కానీ ఈ పోరాటం మనకు లాభం కాదు, ట్రంప్ కోరుకునేదీ ఇదే అని బాహాటంగా చెప్పారు. విదేశీ సాయం పేరు చెబితే ఓట్లు రాలవని వాళ్ల లెక్క. లెక్క తప్పు కాకపోవచ్చు. అక్టోబరు 1 నుంచి నవంబరు 12 దాకా 43 రోజులు ప్రభుత్వం మూతపడింది, అప్పటివరకూ అమెరికా చరిత్రలోనే అత్యంత సుదీర్ఘంగా. సొంత పౌరుల ఆరోగ్య బీమా రాయితీల కోసం డెమోక్రాట్లు పట్టుబట్టారు. న్యాయమైన పట్టుదలే. ఆ 43 రోజుల పేచీలో ఒక్క మూలన, ఒక్క షరతుగానైనా ఆఫ్రికా బిడ్డ పొట్లం ప్రస్తావన ఉందా? ఆ మూతకు ఐదు రోజుల ముందే, సెప్టెంబరు 26న, కాంగ్రెస్ మంజూరు చేసిన 400 కోట్ల డాలర్ల సాయాన్ని అధ్యక్షుడు ఖర్చు పెట్టకుండా బిగబట్టుకోవడానికి సుప్రీంకోర్టు దారి ఇచ్చింది. ఖజానా తాళం కాంగ్రెస్‌దని రాజ్యాంగం చెబుతోంది. తాళం లాక్కున్నందుకైనా కోపం రావాలి కదా!

రిపబ్లికన్లలో జార్జి బుష్ మాట్లాడారు, అది చెప్పకపోతే అన్యాయం. హెచ్ఐవీ మీద 2003లో ఆయన మొదలుపెట్టిన పెప్‌ఫార్ కార్యక్రమం రెండున్నర కోట్ల ప్రాణాలు నిలిపిందని అంచనా. ఇరాక్‌లో ఆయన చేసిన పాపం నేను మరిచిపోను, కానీ ఈ పుణ్యం కూడా ఆయనదే. సంస్థ మూతపడే ముందురోజు వీడియోలో ఆయన అడిగింది ఒకటే: చనిపోవాల్సిన రెండున్నర కోట్ల మంది బతికి ఉండటం మన దేశానికి మంచిది కాదా అని. ఒబామా కూడా మాట్లాడారు. అప్పటికి ఐదు నెలలు గడిచాయి. శవం లేచే వేళకు వచ్చి మంచివాడని చెప్పిపోయినట్టుంది. జులైలో ఆ రద్దు బిల్లు మీద సెనెట్‌లో ఎదురు తిరిగిన రిపబ్లికన్లు ఇద్దరే, ఇద్దరూ ఆడవాళ్లు: సుసాన్ కాలిన్స్, లీసా మర్కోవ్‌స్కీ. పెప్‌ఫార్‌కు కోయబోయిన 40 కోట్ల డాలర్లను పట్టుబట్టి కాపాడగలిగారు. చేయాలనుకుంటే చేయవచ్చని అదొక్కటి రుజువు.

యూఎస్ఎయిడ్ దేవాలయమేం కాదు. దాని డబ్బులో పెద్ద భాగం వాషింగ్టన్ చుట్టుపక్కల ఉన్న కాంట్రాక్టు కంపెనీల మీదుగానే పోయేది. పేద దేశాల స్థానిక సంస్థలకు నేరుగా దక్కింది పదో వంతుకు అటూఇటూ. ఆ సాయం మెడ మీద కత్తిగా మారడం మనం చూశాం. 1965-67 కరువు రోజుల్లో, వియత్నాం మీద మన మాట నచ్చక, లిండన్ జాన్సన్ గోధుమల ఓడలను నెలనెలా లెక్కపెట్టి వదిలారు. వచ్చిన ఓడ వచ్చినట్టే నోట్లోకి పోయిన కాలం అది. ఆ అవమానమే హరిత విప్లవానికి ఒక కారణం. మా తరం బడిపిల్లలం ఆ గోధుమరవ్వ ఉప్మా తినే పెరిగాం. సంచి మీద చేతులు కలిపిన బొమ్మ, అమ్మకానికి కాదు అని ఇంగ్లీషు అక్షరాలు. ఉప్మా అంత రుచిగా ఉండేదని చెప్పను గానీ మా బడిలో కొందరికి రోజు మొత్తానికి అదే తిండి. దొర దయ అంటూ తిట్టుకుంటూనే తిన్నాం, చదువుకున్నాం. లోపాలున్న సంస్థను బాగు చేయండి, వద్దనుకుంటే రెండేళ్ల గడువిచ్చి ఆయా దేశాలకు అప్పగించి తప్పుకోండి. ఎవరు కాదంటారు? నాలుగు రోజుల్లో ఆపడం సంస్కరణ కాదు. సెలైన్ సీసా పీకి, దీని ఖరీదు ఎక్కువ అని చెప్పడం.

2025 మార్చి 28న మయన్మార్‌లో భూకంపం వచ్చింది, తీవ్రత 7.7. ఇదివరకటి అమెరికా అయితే ఒకటి రెండు రోజుల్లో కుక్కలతో, యంత్రాలతో సహాయ బృందం దిగేది. ఈసారి ముగ్గురు వెళ్లారు. శిథిలాల మధ్య, ఆరుబయట పడుకుంటూ తిరుగుతున్న ఆ ముగ్గురికీ అక్కడుండగానే ఉద్యోగాలు పోయినట్టు కబురు అందింది. ఈ ఒక్క సంగతి చాలు నాకు. క్రూరత్వం అనడానికి కూడా లేదు, క్రూరుడు కనీసం ఎదుటి మనిషిని చూస్తాడు. వీళ్లు జాబితాలో పేరు చూసి మీట నొక్కారు. ఆ మనిషి ఎక్కడున్నాడో, ఏం చేస్తున్నాడో ఎవరూ అడగలేదు.

మనమేం చేశాం? ఫిబ్రవరిలో భారత్‌లో ఓటింగ్ పెంచడానికి 2.1 కోట్ల డాలర్లు ఇచ్చారని మస్క్ బృందం ప్రకటించింది. ట్రంప్ దాన్ని రోజుకో రకంగా చెప్పారు. మన పార్టీలు ఆ ఎముక కోసం కొట్టుకున్నాయి, నువ్వు తిన్నావంటే నువ్వు తిన్నావని. తెలుగు ఛానళ్లలో గంటల తరబడి గోల. అటువంటి డబ్బు భారత్‌లో రాలేదని, ఇవ్వలేదని అమెరికా రాయబార కార్యాలయం తర్వాత మన ప్రభుత్వానికి రాసింది, అది పార్లమెంటు ముందుకూ వచ్చింది. అప్పటికి కెమెరాలు వేరే చోటికి పోయాయి. ఆ ఫిబ్రవరిలోనే హైదరాబాద్‌లో మిత్ర్ క్లినిక్ తలుపులు మూసుకున్నాయి. ట్రాన్స్‌జెండర్లకు దేశంలోనే మొదటగా 2021లో పెట్టిన వైద్యశాల అది. మామూలు ఆస్పత్రిలో వరసలో నిలబడితే వెనకనుంచి నవ్వులు, ముందునుంచి వెకిలి ప్రశ్నలు ఎదుర్కొన్నవాళ్లు అక్కడ తలెత్తుకుని వచ్చి హెచ్ఐవీ మందు తీసుకునేవాళ్లు. అది మూతపడిన వార్తను చూపి, మన పన్నులు పోయింది ఇలాంటివాటికే అని మస్క్ ఎత్తిపొడిచారు. నగరంలో ఎంతమందికి తెలిసింది? తర్వాత టాటా ట్రస్టుల సాయంతో వేరే పేరుతో తెరుచుకుంది కాబట్టి సరిపోయింది. మలావీలో, మొజాంబిక్‌లో టాటాలు లేరు.

2024 నవంబరులో వాన్స్ గెలిచాడని తణుకు దగ్గర వడ్లూరులో, ఉషా వాన్స్ పూర్వీకుల ఊళ్లో, పూజలు చేశారు. ఊరి ఆడపడుచు భర్త గెలిస్తే సంబరపడటం తప్పని ఎవరంటారు? కానీ అమెరికా రాజకీయం మనకు అంతవరకే: మనవాళ్లెవరు, వీసా ఎంత, గ్రీన్‌కార్డ్ ఎప్పుడు. సెప్టెంబరులో హెచ్1బీకి లక్ష డాలర్ల రుసుము అనగానే మన టీవీలు రాత్రింబవళ్లు నిద్రపోలేదు. లక్షల కుటుంబాల అప్పులు, ఆశలు దానిమీదున్నాయి, ఆ భయం నిజం. కానీ అదే సంతకం, అదే చెయ్యి, ఎనిమిది నెలల ముందు చేసిన పని మీద మన దగ్గర ఒక్క సంపాదకీయ వారం కూడా గడవలేదు.

టెక్సస్‌లో ఫ్రిస్కో అనే ఊళ్లో మా బావమరిది ఉంటాడు. వీధికి నాలుగు తెలుగు కుటుంబాలున్న ఊరు. పౌరసత్వం వచ్చి చాలాకాలమైంది, ఓటుంది, ఆ ఓటు ఎవరికేశాడో నాకు చెప్పడు, నేనడగను. ఈ గోల అంతా ఒక రోజు ఫోన్‌లో వెళ్లగక్కితే, “నువ్వు అనవసరంగా బీపీ పెంచుకుంటున్నావు బావా. ఇక్కడ మా పిల్లల ఉద్యోగాలే గాల్లో ఉన్నాయి, ఆఫ్రికా సంగతి ఎవడికి పట్టింది?” అన్నాడు. వాడు చెడ్డవాడు కాదు. ఊళ్లో బడికి బెంచీలు, నీళ్ల ప్లాంటు వాడు పెట్టించినవే. వాన్స్ గీసిన వృత్తంలో సొంత ఊరు ఉంటుంది కాబట్టి పెట్టించాడు.

నేను వాడికి ఒక్క అంకె చెప్పాను. 800 కోట్ల డాలర్ల సాయాన్ని రద్దు చేసిన బిల్లు జులై 18న ప్రతినిధుల సభ దాటింది 216-213తో. మూడు ఓట్లు. తెలుగు సంఘాల వేడుకలకు అక్కడి కాంగ్రెస్ సభ్యులను పిలిచి, శాలువా కప్పి, ఎన్నికల విరాళాల విందులో పక్కన నిలబడి ఫొటో దిగి మా గ్రూపులో పెడతారు కదా, అలాంటి ఫొటోల్లో వాడివే నాలుగైదు చూశాను. శాలువా కప్పించుకున్న ఆ మనిషి ఆ రోజు ఎటు ఓటేశాడో అడిగావా అన్నాను. కాసేపు మాట్లాడలేదు. “కనుక్కుంటాలే బావా” అన్నాడు.

ఇంకా కనుక్కుంటూనే ఉన్నాడు. 2026 నవంబరులో ఆ సభ్యుడు మళ్లీ ఓటు అడగడానికి వస్తాడు.